నీలం చున్నీకి నేను రాసిన జవాబు నోటీసు

ఆ రోజుల్లో అమీర్‌పేట సందుల్లో నడుస్తుంటే నాకు అడుగుకో దావా కనిపించేది. అందరికీ కోచింగ్ సెంటర్ల బోర్డులు, బజ్జీల బండ్లు, ఫుట్‌పాత్ మీద కుప్పపోసిన చున్నీలు కనిపించే చోట నాకు మాత్రం మనుషుల నిర్లక్ష్యాలు వరుసకట్టి కనిపించేవి. పాలకొల్లు నుంచి వచ్చి లా మొదటి సంవత్సరంలో చేరి రెండు నెలలైంది. పాఠాలన్నిటికంటే ముందు తలకెక్కింది టార్ట్స్. తెలుగులో అపకృత్యాలు అంటారు. ఒకరు చేసిన పని వల్ల ఇంకొకరికి అన్యాయంగా నష్టం జరిగితే, ఆ నష్టాన్ని పూడ్చమని అడిగే చట్టం అది. జైలూ గీలూ ఉండవు. (నేరం వేరు, అపకృత్యం వేరు. ఆ తేడా తెలియనివాళ్లతో నేను అప్పట్లో సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. అంటే మా హాస్టల్లో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదన్నమాట.)

మా హాస్టల్ మూడంతస్తులు. అందులో ఉన్న అమ్మాయిలందరూ సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్లే, నేనొక్కదాన్నే లా. నా గదిలో ఉండే అమ్మాయిని అందరూ జావా అని పిలిచేవాళ్లు, ఆమె నేర్చుకునే కోర్సు పేరు అదే కనుక. ఒకసారి హాస్టల్ ఆంటీ కూరగాయలకు వెళ్తూ, లోపల నేనున్నానని చూసుకోకుండా గేటుకు బయట తాళం వేసి వెళ్లింది. తిరిగొచ్చేసరికి నేను మెట్ల మీద పుస్తకం తెరిచి సిద్ధంగా ఉన్నాను. ఒక మనిషిని కారణం లేకుండా కదలనివ్వకుండా చేయడం కూడా అపకృత్యమేనని, అరగంటైనా సరే లెక్కలోకి వస్తుందని వివరించాను. ఆంటీది గుంటూరు వైపు. సంచీ కింద పెట్టి, "ఏంటమ్మా నీ గోల? ఉప్మా చల్లారిపోతోంది. ముందు తిని, ఆ తర్వాత నన్ను జైల్లో పెట్టించు" అంది. "జైలు కాదాంటీ, ఇది సివిల్" అన్నాను. జావా నా చేయి పట్టుకుని భోజనాల గదిలోకి లాక్కుపోయింది.

లా చదివే ప్రతివాళ్లకీ టార్ట్స్ పరిచయమయ్యేది ఒక సీసాలోని నత్తతోనే. ఎక్కడో పరాయి దేశంలో ఒకావిడ కూల్‌డ్రింక్ తాగుతుంటే సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడిందట. ఆ నత్త పుణ్యమా అని 'నీ పొరుగువాళ్లు ఎవరు' అనే ప్రశ్న మా మెడకు చుట్టుకుంది. నువ్వు చేసే పని వల్ల ఎవరికి దెబ్బ తగలొచ్చో ముందే ఊహించగలిగితే, వాళ్లే నీ పొరుగువాళ్లు. మా టార్ట్స్ మేడమ్ ఇది చెప్పి, బోర్డు మీద మూడు గీతలు గీసి, "జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా, దాన్ని తప్పారా, తప్పినందువల్ల నష్టం జరిగిందా? ఈ మూడే అడగండి. మిగతాదంతా వకీళ్ల మాటలు" అనేవారు. నాకేమో ఆ మిగతాదే బాగా నచ్చింది.

ఆ మిగతాదానికి నా గురువు మా కాలేజీ సీనియర్ ఒకతను. బోరబండలో ఉండేవాడు, పంజాగుట్టలో ఒక వకీలు దగ్గర ఇంటర్న్‌షిప్ చేసేవాడు. ఏ మాటకైనా 'నోటీసు పంపుదాం' అనేవాడు కనుక నోటీసన్న అని పేరొచ్చింది. అతను నాకు చేసిన మొట్టమొదటి ఉపదేశం ఇది: "సూడు చెల్లె, లోకంల ఏది జేసినా జేయి, సారీ మాత్రం జెప్పకు. సారీ అన్నవంటే ఒప్పుకున్నట్టే. ఇగ కేసు ఖతం." నేను దాన్ని నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కూడా కొట్టాను.

హాస్టల్ కింద, వీధి వైపు, సిరిసిల్ల అక్క టైలరింగ్ షాపు ఉండేది. నేత ఇంటి పిల్ల, పెళ్లయి హైదరాబాద్ వచ్చి మిషన్ పెట్టుకుంది. బ్లౌజుల మీద పూసలు, కుందన్లు, జరీ కుట్టే మగ్గం పని కూడా చేసేది. ఆ ఊళ్లో నన్ను బిడ్డా అని పిలిచిన మొదటి మనిషి ఆవిడ. ఊడిన హుక్కులు, చిరిగిన సంచీలు అన్నీ కూర్చోబెట్టి కుట్టిచ్చేది. కాలేజీలో మూట్ కోర్టు పోటీ, అంటే ఉత్తుత్తి కేసు వాదించే పోటీ, ఉందని, దానికి నల్లకోటు కావాలని చెబితే కొలతలు తీసుకుంటూ, "మా బిడ్డ వకీలమ్మ అయితుంది" అని షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పింది. ఆ కోటు ఆదివారం సాయంత్రానికి ఇస్తానంది.

ఆ ఆదివారం పొద్దున నేను ఫుట్‌పాత్ మీద కొన్న నీలం చున్నీ ఉతికాను. కొనేటప్పుడు అమ్మినతను, "రంగు పోతే నన్నడుగు మేడమ్" అన్నాడు. (తర్వాత అడగడానికి వెళితే అతను అక్కడ లేడు. అది వేరే కేసు.) పిండుతుంటే బకెట్ నీళ్లు నీలం అయ్యాయి, నా వేళ్లు కూడా అయ్యాయి. మూడో అంతస్తులో వీధి వైపు రెయిలింగ్ మీద బట్టలు ఆరేయకూడదని ఆంటీ బోర్డు రాసిపెట్టింది. ఎండ అటువైపే ఉంది కనుక ఆ బోర్డు పక్కనే ఆరేశాను. తర్వాత గదిలోకి వచ్చి, నిర్లక్ష్యం అనే అధ్యాయం తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాను. ఇది కల్పించి చెప్తున్నది కాదు, ఆ పేజీలో నా నీలం వేలిముద్ర ఇప్పటికీ ఉంది.

పది నిమిషాలకు కింద నుంచి అక్క గొంతు వినిపించింది. "గిదేంది? గీ నీలం చుక్కలు యాడికెల్లి పడ్డయి?" తొంగి చూశాను. అక్క ఒక మీగడరంగు పట్టు బ్లౌజు చేతిలో పట్టుకుని పైకి చూస్తోంది. కుందన్లు అంటించిన గమ్ము ఆరడానికి ఆ బ్లౌజును షట్టర్ కొక్కేనికి తగిలించింది. మర్నాడు పొద్దున్నే పెళ్లి. పెళ్లికూతురి తల్లి, బేగంపేట మేడమ్, సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకెళ్తుంది. నెల రోజుల పని అది. సరిగ్గా వీపు మధ్యలో మూడు నీలం చుక్కలు పడ్డాయి. చెప్పులు ఈడ్చుకుంటూ మూడంతస్తులూ దిగి అక్క ముందు నిలబడ్డాను. 'అయ్యో' అనే మాట గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నోట్సులో కొట్టిన రెండు గీతలు గుర్తొచ్చాయి.

"అక్కా, ఇందులో నా బాధ్యత ఎంతవరకన్నది చూడాలి" అన్నాను.

"ఏందమ్మా?" అంది అక్క.

నష్టపోయినవాళ్ల అజాగ్రత్త కూడా అందులో కలిసి ఉంటే, తప్పును ఇద్దరికీ పంచాలని చట్టం చెబుతోందని చెప్పాను. పైన రెయిలింగ్ ఉందని తెలిసి కూడా ఖరీదైన బట్ట ఆరుబయట తగిలించడం ఆవిడ వంతు నిర్లక్ష్యమని కూడా చెప్పాను. మా తల మీద ఆ చున్నీ ఇంకా చుక్కలు రాలుస్తూనే ఉంది. కొన్ని ప్రమాదాల్లో సాక్షులు అక్కర్లేదు, జరిగిన సంఘటనే తప్పెవరిదో చెబుతుందని ముందు వారమే చదువుకున్నాం. ఆ సూత్రం నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. అక్క బ్లౌజు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

నేను తిన్నగా పంజాగుట్టకు పోయి, ఆదివారం కూడా వకీలు ఆఫీసులోనే ఉన్న నోటీసన్నను పట్టుకున్నాను. అతను విని మస్తు సంబరపడ్డాడు, చాయ్ కూడా చల్లార్చుకున్నాడు. "ఆమె నోటీసు పంపకముందే మనం జవాబు ఇచ్చేద్దాం" అన్నాడు. రాని నోటీసుకు జవాబేమిటన్న అనుమానం మా ఇద్దరికీ రాలేదు. జిరాక్స్ షాపులో కూర్చుని తెలుగులోనే టైపు చేయించాం, అవతలి పార్టీకి అర్థం కావాలి కదా. ఒకటి, అసలు చున్నీయే లేదు. రెండు, ఉన్నా అది నాది కాదు. మూడు, నాదే అయినా తడిగా లేదు. నాలుగు, తడిగా ఉన్నా రంగు పోయేది కాదు. అయిదు, రంగు పోయినా ఆ చుక్కలు అంతకుముందు నుంచే బ్లౌజు మీద ఉన్నాయి. వకీళ్లు ఇలాగే ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతారని నోటీసన్న చెప్పాడు. "ఏ మెట్టు కూలినా ఇంకో మెట్టుంటది" అన్నాడు. రెండు పేజీలు వచ్చింది. కింద సంతకం పెడుతుంటే నాకు నిజంగానే వకీలైపోయినట్టు అనిపించింది.

మూడింటికి షాపులోకి వెళ్లాను. అక్క మగ్గం మీద వంగి ఉంది. ఒక చుక్క మీద అప్పటికే పూసలతో, జరీతో చిన్న పువ్వు మొలిచింది. రెండోది సగంలో ఉంది. పొద్దుటి నుంచి అన్నం తినలేదని మూత తీయని టిఫిన్ డబ్బా చెబుతోంది. నేను కాగితం చాపాను. అక్క తల ఎత్తకుండా, "నా కండ్లు పన్ల ఉన్నయి బిడ్డా. నువ్వే సదివి చెప్పు" అంది.

నా జీవితంలో నేను మొట్టమొదట వాదించిన కేసు అదే. "అసలు చున్నీయే లేదు" అని చదివాను. నా గొంతు నాకే నచ్చలేదు. రెండో పాయింటుకు నీరసం వచ్చింది. మూడోది గబగబా చదివేశాను. నాలుగోది, రంగు పోయేది కాదన్నది, చదువుతుండగా అక్క సూది ఆపి నా చేతుల వైపు చూసింది. కాగితం పట్టుకున్న నా పది వేళ్లూ నీలంగా ఉన్నాయి. అయిదో పాయింటు నేను చదవలేదు.

"మంచిగనే రాసినవు" అంది అక్క, నిజంగానే మెచ్చుకుంటున్నట్టు. "నా తప్పు సుత ఉన్నది. నేను బయట తగిలియ్యొద్దుండె. నువ్వు అడిగితే నేనే చెప్తుంటి. గని ఒక్కటి మరిచినవు."

"ఏంటక్కా?"

"మెట్ల మీద నీ చెప్పుల సప్పుడు ఇన్న. అయ్యో అక్కా అనుకుంట వస్తున్నవనుకున్న. నువ్వొచ్చి నా తప్పులు ఏరినవు."

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే ఏడుపు కూడా వచ్చింది. "తప్పు నాదే అక్కా, బోర్డు చూసి కూడా అక్కడే ఆరేశాను, క్షమించండి" అని ఏడుస్తూ చెప్పాను. ఆ ఒక్క ముక్కలో బాధ్యత, తప్పడం, నష్టం మూడూ ఉన్నాయని మా మేడమ్ వింటే సంతోషించేవారు. అక్క మాత్రం, "ఏడ్చుడు తర్వాత. కండ్లు మంచిగున్నయి కదా, సూదిల దారం ఎక్కియ్యి. ఆరింటికి ఆమె వస్తది" అంది. మూడు గంటలసేపు సూదుల్లో దారాలు ఎక్కించాను, పూసలు రంగుల వారీగా ఏరాను. మధ్యలో పైకి పరుగెత్తి ఆంటీని అడిగి పెరుగన్నం తెచ్చి అక్కకు ఇచ్చాను. ఆంటీ నా వెనకే రెయిలింగ్ మీది చున్నీతో దిగి వచ్చి, దాన్ని నా మెడలో వేసి వెళ్లింది.

ఆరింటికి బేగంపేట మేడమ్ వచ్చింది. బ్లౌజు తిప్పి చూసి, "ఈ పూలు డిజైన్లో లేవు కదండీ?" అంది. అక్క నోరు తెరిచే లోపల నేను ముందుకు జరిగి, "నా చున్నీ రంగు పడిందండీ. తప్పు నాది, అక్కది కాదు. అక్క పొద్దుటి నుంచి తినకుండా సరిచేసింది" అన్నాను. ఈ ఒప్పుకోలుతో నెల రోజుల కష్టం, అక్క పేరు పోతాయేమోనని భయమేసింది. ఆవిడ మొహం ముడుచుకుంది. ఫోన్ తీసి, పెళ్లికూతురికి వీడియోలో వీపు భాగం చూపించింది. అవతలి నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "బాగున్నాయమ్మా. మూడే పెట్టారేంటి, చేతుల మీద కూడా పెట్టమను." అక్క నా వైపు చూసింది. నేను మళ్లీ సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాను.

ఆ హడావిడి అయ్యాక అక్క నా కోటు తీసి తొడిగింది. లోపల, ఎడమ వైపు, నేను అడగని ఒక జేబు ఉంది. "వకీళ్లకు కాయితాలు మస్తుంటయంట కదా" అంది. ఆ జేబు ముందు రోజే కుట్టిందట. నా రెండు పేజీల నోటీసును మడిచి అందులోనే పెట్టుకున్నాను. (మూట్ కోర్టులో ఓడిపోయాను. జడ్జిగా కూర్చున్న మేడమ్ ఏదో అడిగితే, "అవునండీ, అక్కడ మా క్లయింటుదే తప్పు" అనేశాను. నోటీసన్న వెనక వరుసలో తల పట్టుకున్నాడు.)

ఇప్పుడు నేను పంజాగుట్టలోనే ఒక చిన్న ఆఫీసులో వకీలుగా ఉన్నాను. 'ఆరోపణలన్నీ అబద్ధం' అని రోజూ రాస్తూనే ఉంటాను, అది నా వృత్తి. కానీ రాసే ముందు క్లయింటును, "జరిగాక వాళ్ల ఇంటికి వెళ్లి అయ్యో అన్నారా?" అని అడుగుతాను. చాలామంది వింతగా చూస్తారు. కొందరు వెళ్తారు, గొడవ అక్కడే తీరిపోతుంది కనుక వాళ్లు మళ్లీ నా ఆఫీసుకు రారు. అక్క షాపు మాత్రం అక్కడే ఉంది, ఆ కోటుకు ఇప్పటికి రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేసిచ్చింది.

మొన్న అమీర్‌పేట మెట్రో కింద నా స్కూటీ ముందున్న ఒకాయన బండికి తగిలి, ఆయన టిఫిన్ క్యారియర్ కిందపడింది. నేను ఆలోచించే లోపలే నా నోరు, "అయ్యో, తప్పు నాదేనండీ, దెబ్బ తగిలిందా?" అనేసింది. ఆయన గిన్నెలు ఏరుకుంటూ, "జర చూసుకోవాలె మేడమ్" అని వెళ్లిపోయాడు. వెనక కూర్చున్న నా జూనియర్ అమ్మాయి కంగారుపడింది. ఈ మధ్యే చేరింది, పుస్తకాలు ఇంకా కొత్తవి. నా భుజం మీద తట్టి, గొంతు తగ్గించి, "మేడమ్, అలా అనకూడదు, అది ఒప్పుకోలు అవుతుంది" అంది. నాకు నవ్వొచ్చింది, మెట్ల మీద చెప్పులు ఈడ్చుకుంటూ దిగిన ఒక పిల్ల గుర్తొచ్చింది. అద్దంలోంచి, నా భుజం మీదున్న ఈ అమ్మాయి వేళ్ల వైపు చూశాను. ఇంకా ఏ రంగూ అంటుకోలేదు.