ఆ పాటలో అమ్మ కత్తెర చప్పుడు

దయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను కానీ ఒక్కటీ నమ్మలేదు. చదివాక లైటు ఆర్పి హాయిగా నిద్రపోయే రకం నేను. అందుకే దీన్ని డైరీలో రాసుకుని ఇన్నాళ్లూ ఎవరికీ చూపలేదు.

మాది మగ్గాల ఊరు భివండీలో నాగావ్ అనే పేట. కింద మా మగ్గాల షెడ్డు, పైన ఇల్లు. పవర్‌లూమ్‌లు నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట వినబడదు. అందుకే మా షెడ్డులో ఎవరినైనా పిలవాలంటే ఇనుప స్తంభం మీద కొడతారు. ఒక్కొక్కరికీ ఒక్కో తీరు. నన్ను పిలవడానికి అమ్మ కత్తెరతో కొట్టేది. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. అమ్మ పోయాక అలా ఎవరూ కొట్టలేదు.

ఒక పత్రికలో చదివి జపాన్ రాక్ బృందం ఒకదాన్ని వినడం మొదలుపెట్టాను. ఏం వాయించాలో వాళ్లు ముందుగా అనుకోరట. గిటార్లు ఒకే మోతగా చాలాసేపు సాగుతాయి, డ్రమ్ములు దారి తప్పి మళ్లీ ఎక్కడో కలుస్తాయి. మాటలున్న పాటలు మా ఇంట్లో మగ్గాల హోరులో మునిగిపోతాయి. ఇది మాత్రం దానితో కలిసిపోయేది.

పెద్దనాన్న కొడుకు రవి అన్న ఎగతాళి చేసేవాడు. "కింద మగ్గాలు ఫుకట్ల వాయిస్తుంటె, పైసలువెట్టి ఇదేంది ఇంటున్నవ్?"

ఆ శుక్రవారం మధ్యాహ్నం పనివాళ్లు నమాజుకు వెళ్లారు. కింద నాన్న ఒక్కడే మగ్గాలు చూసుకుంటున్నాడు. నేను పైన బియ్యం ఏరుతూ ఆ బృందం కచేరీ రికార్డింగు వింటున్నాను. ఫోన్లో దించుకుని అంతకుముందు చాలాసార్లు విన్నదే. మోత పెరిగి పెరిగి ఒకచోట సన్నబడింది. అక్కడ, ఇనుము మీద ఇనుము. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి.

ఇయర్‌ఫోన్లు తీశాను. మగ్గాల హోరు తప్ప ఏమీ లేదు. మళ్లీ పెట్టుకున్నాను. అదే చప్పుడు.

భయం వేయలేదు. చిన్నప్పుడు లేచినట్టే లేచి మెట్లు దిగాను.

నాన్న మగ్గాల మధ్య నేల మీద కూలబడి ఉన్నాడు. చెయ్యి గుండె మీద, చొక్కా అంతా చెమట. ఎదురింటాయన రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

మాట్లాడగలిగిన రోజున నాన్న అడిగాడు. "నువ్వెట్ల అచ్చినవ్ బిడ్డా? నేనైతే కొట్టలే. చెయ్యే లేవకపాయె."

జరిగింది చెప్పాను.

"మీ అమ్మ నన్ను తనకాడికి పిలువలే," అన్నాడు. "నిన్ను నాకాడికి పిలిచింది."

తర్వాత ఆ రికార్డింగు ఎన్నోసార్లు విన్నాను. రవి అన్నకూ వినిపించాను. ఆ చోట గిటారు సన్నగా సాగుతుంది, అంతే. ఈసారి అన్న ఎగతాళి చేయలేదు. ఆ బృందం ఒకసారి వాయించినట్టు ఇంకోసారి వాయించదంటారు. కానీ దించుకున్న రికార్డింగు మారదు కదా.

నాన్న మళ్లీ షెడ్డుకు వెళ్తున్నాడు. నేను దీపం పెట్టినప్పుడు అమ్మతో పాటు, నా పేరు కూడా తెలియని ఆ జపాన్ వాళ్లకూ దండం పెట్టుకుంటాను. వాళ్లు ఏం చేశారని అడిగితే మాత్రం చెప్పలేను.