తమ్ముడికిచ్చిన కూతురు

పట్టుపురుగుల గుడ్లు అమ్మే దాసప్పను ఆ రోజు చిన్నవెంకటమ్మ నోరెత్తనివ్వలేదు. రాయల్పాడు బస్టాండులో పదిమంది ముందర నిలదీసింది. "తల్లిపురుగును నలిపి చూసినారా, లేదా? చూసుంటే చీటీ యాడ?"

గుడ్లు పెట్టిన తల్లిని నలిపి, మైక్రోస్కోపు కింద చూసి, రోగముంటే అది గుడ్లలోకీ దిగుతుంది గనక ఆ గుడ్లన్నీ కాల్చెయ్యాలి. దాసప్ప ఆ పని ఎగ్గొట్టాడు. "ఇంగ వదిలెయ్యక్కా" అంటూ గుడ్ల అట్టలు వెనక్కి తీసుకున్నాడు. పక్కింటి మునిలక్ష్మమ్మకు కడుపు నిండింది. నోరంటే అదీ అనుకుంది.

ఇరవై ఏళ్లకు ఆ నోరు డస్సిపోయింది. చిన్నవెంకటమ్మ బొటనవేలి మీద పుండు మూడు నెలలైనా మానలేదు. పురుగులకు తెచ్చే మల్బరీ ఆకు గంప దించితే మళ్లీ ఎత్తలేదు. కూర్చుంటే లేవదు, లేస్తే నీళ్ల చెంబు దగ్గరికే. ఎండదెబ్బ అని బుకాయించేది. మునిలక్ష్మమ్మ తిట్టీ తిట్టీ ఆమెను కోలారు బస్సెక్కించింది.

డాక్టరమ్మ రక్తం కాగితం చూసింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా షుగరు ఉండిందా అమ్మా?"

"అమ్మకుండింది. నాయనకు దాంతోనే కాలు తీసేసినారు."

"తోడబుట్టినోళ్లు?"

"ఒకే తమ్ముడు, సొన్నప్ప. ఈడనే, నరసాపురం ఫ్యాక్టరీలో ఉండాడు."

"పిల్లలు?"

చిన్నవెంకటమ్మ తల వంచుకుంది. మునిలక్ష్మమ్మే అందుకుంది. "ఒక్కతే కూతురమ్మా, మునిరత్న. పరాయింట్లో మాట పడకూడదని ఆ తమ్ముడికే ఇచ్చింది ఈ మహాతల్లి. ఇద్దరు బిడ్డలు."

"అయితే అన్నీ కాల్చెయ్యాల్సిందేనా?" అంది చిన్నవెంకటమ్మ మెల్లగా.

డాక్టరమ్మ తెల్లబోయింది. మునిలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. "ఏం మాటలే అవి? నీ మనవళ్లు పురుగులా?" అని కసిరి, గుడ్ల సంగతి విప్పి చెప్పింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది అట్లాంటి రోగం కాదమ్మా. కన్నవాళ్ల నుంచి బిడ్డలకు చిన్నచిన్న గుణాలు ఎన్నో వస్తాయి. కొన్ని ఈ జబ్బు వైపు నెడతాయి. ఏ ఒక్కటీ దానంతటది జబ్బు తేలేదు. అమ్మ పక్కా నాయన పక్కా ఉంటే భయం ఎక్కువ, అంతే. నడిస్తే, బరువు పెరగకుండా చూసుకుంటే చానామందికి ఆగుతుంది, లేదంటే లేటుగా వస్తుంది. ముందుగా రక్తం చూపించుకోవాల."

తిరుగు బస్సు ఊరు దగ్గరపడ్డాక చిన్నవెంకటమ్మ కూతురి మాట ఎత్తింది.

"పోయినేడు మునిరత్న చెప్పిందక్కా, ఊరికే దప్పికయితుందని, చేతకావడం లేదని. పని దొంగవే నువ్వు అని తిట్టినా."

"అయితే రేపే పోయి దాన్ని ఆస్పత్రికి పిలుచుకోనిపో" అంది మునిలక్ష్మమ్మ.

"నాకు దాని ముందర నోరు రాదు. రేపు నువ్వు పో. మొగుడూ పెళ్లామూ ఇద్దరినీ ఆస్పత్రికి పిలుచుకోనిపో. మీ అమ్మ దగ్గర్నించి రావచ్చునంట అని చెప్పు. దాచొద్దు. నన్ను తిడితే తిట్టనీ. రక్తం ఇచ్చేదాకా మాత్రం వాళ్లను ఇడిచిపెట్టి రావద్దు."