తాళం పడ్డ క్యారియర్లు

ఎముకల వార్డు పెద్ద సిస్టరుకి ఒకే ఒక్క పిచ్చి. డాక్టర్ల భోజనం క్యారియర్లు బీరువాలో పెట్టి తాళం వేసేది.

ఆపరేషనుకి సిద్ధం చేసిన రోగి మంచానికి 'నోటికి ఏమీ ఇవ్వకూడదు' అని అట్టముక్క కడతారు కదా, ఆ రోగి డెబ్బై దాటిన మనిషైతే అలాంటిదే ఇంకొకటి డాక్టర్ల గది తలుపుకీ తగిలించేది. రోగి తినేదాకా డాక్టరూ తినడానికి లేదు. చట్టం ఆవిడదే, కోర్టూ ఆవిడదే.

కొత్తగా చేరిన చిన్న డాక్టరుకి ఈ సంగతి మొదటి వారమే తెలిసొచ్చింది.

"సిస్టర్, పొద్దున కూడా ఏమీ తినలేదండీ!"

"మంచిదే. ఆవిడ బాధ మీకు చక్కగా అర్థమవుతుంది."

ఒకసారి ఎనభై రెండేళ్ళ మామ్మగారు స్నానాలగదిలో జారిపడి, తుంటి విరగ్గొట్టుకుని వచ్చింది. మొదటి రోజంతా పస్తు పెట్టి సాయంత్రం "రేపు" అన్నారు. రెండోరోజూ అట్ట కట్టారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి మామ్మగారి పెదవులు ఎండిపోయాయి, కన్నకూతురినే "ఎవరమ్మా నువ్వు?" అని అడగడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే, ఇవాళ కూడా కుదరదని చెప్పిరమ్మని చిన్న డాక్టరుని పంపించారు. మోకాలు తిరిగిన ఆటగాడెవరో ఆవిడ వంతులోకి ముందుకొచ్చాడట.

"అదీ... సిస్టర్... మరి..." అంటూ చిన్న డాక్టరు నీళ్ళు నమిలాడు.

"మీకు నమలడానికి నీళ్ళయినా ఉన్నాయి. ఆవిడకి అవీ లేవు. పదండి!"

ఆవిడ విసవిసా పెద్ద డాక్టరుగారి గదికి నడిచింది. వెనకే అతను.

పెద్ద డాక్టరుగారు ఇంతెత్తున లేచారు. "ముసలి ఎముక, ఒక్కరోజు ఆగితే ఏం కొంప మునిగింది?"

"ఎముక ఆగుతుందండీ, మనిషి ఆగదు. ఇలా పడుకుని ఉంటే ఊపిరితిత్తులకి నిమ్ము చేస్తుంది. మతి అప్పుడే తప్పుతోంది. మీ ఆటగాడు రేపు కూడా పాతికేళ్ళవాడే!"

"మీ మీద రిపోర్టు రాస్తాను సిస్టర్!"

"రాయండి. మామ్మగారు ఎన్ని గంటలు పస్తున్నారో కూడా అందులో వెయ్యండి. కింద నేనూ సంతకం పెడతాను."

రిపోర్టు మాట వినగానే చిన్న డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా నోరు ఊరుకోలేదు. "నేను కూడా పెడతాను సార్."

పెద్ద డాక్టరుగారు నోరు తెరిచేలోగా ఆయన కడుపు గుర్రుమంది. మూడింటికల్లా మామ్మగారిని ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు.

సాయంత్రం, అంతా క్షేమంగా అయ్యాక, సిస్టరు తాళంచెవి ఇస్తే చిన్న డాక్టరే బీరువా తెరిచాడు. డాక్టర్ల క్యారియర్ల వెనక, మూలకి, మూత తియ్యని చిన్న డబ్బా ఒకటుంది.

"ఇదెవరిది?"

"సిస్టరుగారిదేనండీ," అంది వార్డు ఆయమ్మ. "తాళం వేసే రోజు ముందు లోపల పెట్టేది అదే."

ఇన్నాళ్ళూ మనసులో ఆవిణ్ణి తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది. డబ్బా పట్టుకుని మామ్మగారి మంచం దగ్గరికి వెళ్ళాడు. సిస్టరు చెంచాతో జావ పడుతోంది.

మామ్మగారు మింగి, మొహం చిట్లించింది. "ఛీ, ఉప్పేదే? మీ ఇంట్లో వంట ఇలాగే ఏడుస్తుందా?" తర్వాత కూతురి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవేం, మొద్దూ!"

కూతురు ఫక్కున నవ్వింది. సిస్టరు చెయ్యి చాపింది.

"మతి కుదిరింది డాక్టర్ గారూ. ఆ డబ్బా ఇటు పారెయ్యండి, ఆకలి దంచేస్తోంది!"