సముద్రపు గుడిలో పోగుల ఉండ

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడాలు నేను నమ్మను. ముందే చెప్పేస్తే మీకూ నాకూ పని తేలిక. సూరత్‌లో ఉండేవాళ్లకు డుమస్ బీచ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చీకటి పడితే అక్కడ ఎవరో పేరు పెట్టి పిలుస్తారని, నల్ల ఇసుకలో మన వెనకే అడుగులు పడతాయని ఊరంతా చెప్పుకుంటుంది. మేం ఆ బీచ్‌కి లెక్కలేనన్నిసార్లు వెళ్లాం. నన్ను పిలిచింది టమాటా భజియా బండివాళ్లు తప్ప ఇంకెవరూ లేరు.

మా గల్లీలో పిల్లలకు జ్వరం వస్తే నిమ్మకాయ దిగదీస్తారు. నేనైతే జ్వరం బిళ్ల ఇచ్చి పడుకోబెట్టమంటాను. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది.

అయితే ఒక సంగతి దాచకూడదు. నమ్మకం ఉంటే ఎంత బాగుండేదో అని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. మా ఆయన పోయి మూడేళ్లు దాటింది.

ఆయన పేరు రాజేశం. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చి, ఉధ్నాలో సాంచాల మీద పనికి కుదిరాడు. పవర్‌లూమ్‌లను మావాళ్లు సాంచాలంటారు. నేను పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే, లింబాయత్‌లో. మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివి, ఆ తర్వాత ఆయన పనిచేసే సాంచాల షెడ్డులోనే ఒక మూల కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని. అక్కడే ఒకరికొకరం నచ్చాం. మాకు పిల్లలు కలగలేదు. దానికి బాధపడే తీరిక కూడా ఆ షెడ్డు మాకు పెద్దగా ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన కార్ఖానా బయట చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. నేను అప్పుడు ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. మంచాన పడితే సేవ చేసేదాన్ని, విసుక్కునేదాన్ని, ఏడ్చేదాన్ని. ఏదీ చేయనివ్వలేదు. ఒక్క మాట చెప్పకుండా పోయాడు.

పోయినవాడు పోయినట్టు ఉంటే సరిపోయేది. కానీ అందరి కలల్లోకీ రావడం మొదలుపెట్టాడు. మా అత్తమ్మకు వారం తప్పకుండా కనబడేవాడు. వచ్చి గడపలో కూర్చుని చాయ్ పెట్టమనేవాడట. మా మరిది శంకర్‌కు కనబడి, మెషీన్‌లో ఏ బోల్టు వదులైందో చెప్పేవాడట. చివరికి ఎదురింటి పుష్పక్క కూడా పనిగట్టుకుని వచ్చి, నీలం అంగీ వేసుకుని కనబడ్డాడని చెప్పి వెళ్లింది. బతికుండగా ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి ఉండడు.

నా కలలోకి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

కలలంటే నిద్రలో మెదడు చేసే గోల అని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం? ఆయన దిండు మీద పడుకున్నాను. పగటిపూట నిద్ర తెచ్చుకుని పడుకున్నాను. పొద్దున్నే అత్తమ్మ లేచి, రాత్రి వాడు వచ్చాడని చెబుతుంటే చాయ్ గ్లాసు అందిస్తూ ఊఁ కొట్టేదాన్ని. ఏం పాపం చేశానని నా దగ్గరికి రాడు? ఎవరికీ చెప్పుకోలేని అసూయ అది. చచ్చిపోయిన మొగుడు పక్కింటివాళ్లకు కనబడుతున్నాడని ఏ ఆడది చెప్పుకుంటుంది?

ఆయన పోయాక శంకర్, నేను కలిసి భేస్తాన్‌లో చిన్న ఎంబ్రాయిడరీ యూనిట్ పెట్టుకున్నాం. చీరల మీద బుటాలు కుట్టే పని. నెమ్మదిగా కాళ్ల మీద నిలబడ్డాం. కొత్త మెషీన్ కొందామనుకుంటున్న రోజుల్లో, ఆ మెషీన్లు అమ్మే ఏజెంటు కొంతమందిని కొరియా తీసుకెళ్లి చూపిస్తానన్నాడు. నాకు ఇష్టం లేదు. అత్తమ్మే పట్టుబట్టింది. ఇంట్లో కూర్చుని గోడలు చూసే బదులు పోయి దేశం చూసి రమ్మంది.

మా గుంపులో శంకర్, నేను కాక మిగతా అందరూ గుజరాతీ సేఠ్‌లే. వాళ్ల సూట్‌కేసుల్లో సగం బట్టలు, సగం థేప్లా రొట్టెలు. మా దాంట్లో సకినాలు, మామిడికాయ తొక్కు. కొరియా వాళ్ల అన్నం చూసి అందరం ఎవరి మూట వాళ్లం విప్పుకున్నాం.

డేగు అనే ఊళ్లో మెషీన్లు చూశాం. బాగున్నాయి. చివరి రోజు ఊరికే తిప్పుతామని బుసాన్ తీసుకెళ్లారు. అక్కడ సముద్రం ఒడ్డున బండరాళ్ల మీద ఒక బుద్ధుడి గుడి ఉంది. పేరు చాలాసార్లు చెప్పారు, నాకు నోరు తిరగలేదు. పైనుంచి మెట్లు దిగుతూ పోవాలి. దారిలో ఒక బొజ్జ విగ్రహం ఉంది. దాని పొట్ట తడిమితే కొడుకు పుడతాడట. జనం తడిమి తడిమి నల్లబడింది. మాతో వచ్చిన ఒక సేఠ్‌కు అప్పటికే ముగ్గురు కొడుకులున్నారు, అయినా తడిమాడు. నేను తడమలేదు.

కిందికి దిగేకొద్దీ సముద్రం హోరు పెరిగింది. చిన్న రాతి వంతెన దాటితే గుడి. వంతెన మీద నుంచి జనం కింద ఉన్న రాతి గిన్నెలోకి నాణేలు విసురుతున్నారు. గుడి లోపల దీపాల బుట్టలు వరసగా వేలాడుతున్నాయి. శంకర్ ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టాడు. తీసినవి తీసినట్టు అత్తమ్మకు పంపుతున్నాడు.

నేను ఒంటరిగా గుడి చివరికి, కటకటాలు ఉన్న చోటికి నడిచాను. ముందు సముద్రం తప్ప ఇంకేమీ లేదు. అలలు బండలకు కొట్టుకుంటూ ఆగకుండా మోగుతున్నాయి. ఆ మోత అచ్చం మా సాంచాల షెడ్డు మోతలా ఉంది. పక్కవాడు అరిచినా వినబడదు, గుండెల్లోకి దిగి అక్కడే మోగుతుంది. షెడ్డు వదిలేశాక అలాంటి చప్పుడులో నిలబడడం నాకు అదే మొదలు. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఏమీ మొక్కుకోలేదు. దేవుడిని అడగడం మానేసి చాలా కాలమైంది. కానీ ఆయన గుర్తొచ్చాడు. ఎంతగా అంటే, కటకటాల మీద చెయ్యి వేసి, ఈయన ఇప్పుడు పక్కన ఉండాల్సింది అని పైకే అన్నాను. ఆ హోరులో నా మాట నాకే వినబడలేదు.

అప్పుడు నా వీపుకు ఏదో తగిలింది.

గట్టిగా కాదు. రెండు భుజాల మధ్య చిన్నగా, మెత్తగా. వంతెన మీద నుంచి ఎవరిదో నాణెం తప్పి వచ్చిందేమో అనుకుని కిందికి చూశాను. చెప్పు పక్కన రేగిపండంత పోగుల ఉండ పడి ఉంది.

మీకు ఇది అర్థం కావాలంటే మా షెడ్డు సంగతి చెప్పాలి. సాంచాలు నడుస్తుంటే పిలుపు వినబడదు. పనిలో ఉన్న మనిషిని వెనక నుంచి ముట్టుకోకూడదు, ఉలిక్కిపడి మెషీన్‌లో చెయ్యి పెట్టే ప్రమాదం ఉంది. అందుకని తెగిన పోగులు గుండ్రంగా చుట్టి, కాస్త తడి చేసి, వీపు మీదికి విసురుతారు. తగిలినవాళ్లు తిరిగి చూస్తారు. అప్పుడు చేత్తో సైగ చేసి చెప్పాల్సింది చెబుతారు. చాయ్ తాగుదామనీ, సేఠ్ వస్తున్నాడనీ, ఏదైనా సరే. మా ఉండలన్నీ ఒకేలా ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు. మా ఆయన మాత్రం గోరు మీద చుట్టి, చివరి పోగును లోపలికి దూర్చేవాడు. విప్పుదామన్నా విడిపోదు.

పెళ్లికి ముందు ఆయన రోజంతా నా మీదికి అవే విసిరేవాడు. నేను మొదటిదానికి తిరిగేదాన్ని కాదు. ఒక్కదానికే తిరిగితే లోకువైపోతానని. రెండోది జడకు తగిలేది. అప్పటికీ తిరగను. మూడోదో నాలుగోదో తగిలాక, కండె అయిపోయినట్టు నటిస్తూ తిరిగేదాన్ని. సైగ ఏమీ ఉండేది కాదు. ఊరికే నవ్వేవాడు.

గుడిలో ఆ ఉండను చూశాక నేను తిరగలేదు. భయపడ్డానని చెప్పలేను. పాత అలవాటు, అంతే. సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను. ఒళ్లంతా వీపే అయింది. ఇంకొకటి రావాలి, ఇంకొక్కటి వస్తే చాలు అనుకున్నాను.

వచ్చింది. ఈసారి జడకు తగిలి జారింది.

ఇక ఆగలేకపోయాను. తిరిగాను.

ఎవరూ లేరు. కొంచెం దూరంలో ఒక ముసలామె చాప మీద మోకాళ్లూని దండం పెడుతోంది. ఆమెకు అవతల ఒక జంట ఫొటో దిగుతోంది. బాగా వెనక, దీపాల కింద శంకర్. నాకూ వాళ్లకూ మధ్య ఖాళీ రాతి నేల.

అక్కడే కూలబడ్డాను. శంకర్ నన్ను చూసి పరుగున వచ్చాడు.

"వదినా, ఏమైంది? గట్ల కూసున్నవేంది?"

చెప్పు పక్కన పడ్డదాన్ని ఏరుకుని, అరచెయ్యి తెరిచి చూపించాను. రెండోదాని కోసం వెతికాను, అది దొరకలేదు, బండల్లో పడిపోయి ఉంటుంది. చేతిలో ఉన్నది ఒక్కటే. శంకర్ దాన్ని తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు. వాడూ చిన్నప్పటి నుంచి సాంచాల మధ్య పెరిగినవాడే. చివరి పోగు కోసం గోటితో గీకి చూశాడు. దొరకలేదు.

"గిది అన్న చుట్టిందే," అన్నాడు. అని, తను అన్న మాటకు తనే జడుసుకున్నట్టు నా మొహం చూశాడు.

తిరుగు బస్సులో నేను అన్ని రకాలుగా ఆలోచించాను. సూరత్ వాళ్లకు పోగులు ఎక్కడైనా అంటుకుంటాయి, నా సంచికో స్వెటర్‌కో పట్టుకుని వచ్చి ఉండొచ్చు. కానీ మా యూనిట్‌లో అన్నీ రంగు దారాలే. ఇది రంగు వేయని తెల్ల పోగు, సాంచాల మీద నేసేది. గాలికి కొట్టుకొచ్చిందేమో అనుకున్నాను. గాలి సముద్రం మీద నుంచి నా మొహానికి కొడుతోంది. ఇది వీపుకు తగిలింది. ఉండ తడిగా ఉంది. సముద్రం పక్కన ఏదైనా తడిగానే ఉంటుంది, అది నేను లెక్కలోకి తీసుకోను. శంకర్ వేళాకోళం చేశాడా అనీ అనుమానించాను. వాడు తన అన్న మీద వేళాకోళం చేసే మనిషి కాదు. పైగా వాడున్న చోటి నుంచి ఆ గాలిలో అంత తేలికైన ఉండ నా దాకా రాదు.

ఆ బస్సులో నేనెంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. సేఠ్‌లు అంత్యాక్షరి ఆడుతుంటే నేనూ గొంతు కలిపాను. శంకర్ నన్ను వింతగా చూశాడు. నమ్మానా అంటే నమ్మలేదు. కానీ మొగుడు వచ్చిపోయిన ఆడదానిలా ఉన్నాను.

ఇంటికి చేరేసరికి అత్తమ్మ దిగులుగా ఉంది. కాళ్లు కడుక్కునే లోపే చెప్పేసింది. రాజేశం కలలోకి రావడం మానేశాడట. ఎప్పటి నుంచి అని అడిగాను.

"శంకర్ గా గుడి ఫొటోలు పంపిండు చూడు, గా దినం సంది. చాయ్ పెట్టుమని ఎవ్వలు అడుగుతలేరు బిడ్డా."

అప్పటికి ఆమెకు మేమేమీ చెప్పలేదు. శంకర్ నా వైపు చూశాడు. తనకూ కనబడలేదని తల ఊపాడు.

నేను సంచిలోంచి ఉండ తీసి ఆమె ఒళ్లో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కూడా తన కాలంలో కండెలు చుట్టిన మనిషి. చాలాసేపు దాన్ని వేళ్లతో తడిమింది. ఒక్కటే అడిగింది.

"ఎందుకు తిరిగినవ్ బిడ్డా? జర ఆగకపోయినవ్. ఇంకోటి కొడుతుండె గదా."

నాకూ బస్సు దిగినప్పటి నుంచి లోపల అదే నలుగుతోంది. తిరగకుండా ఉంటే ఇంకెంతసేపు అక్కడ ఉండేవాడో. నేను కోరుకున్నది ఒక్కసారి రావాలని. వచ్చాడు. వచ్చి, అందరి దగ్గరి నుంచీ వెళ్లిపోయాడు.

ఆ ఉండను అత్తమ్మ దగ్గరే ఉంచేశాను. దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ఇప్పటికైతే ఆయన రాలేదు. ఇంకా కనబడుతున్నాడా అని పుష్పక్కను అడుగుదామని రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్లి, సిగ్గేసి వెనక్కి వచ్చాను.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ పని మీద ఉధ్నా వెళ్లినప్పుడు, సాంచాలు మోగే గల్లీల్లోంచి నెమ్మదిగా నడుస్తాను. ఆటోవాళ్లు వెనక హారన్ కొడతారు, తిడతారు. పక్కకు జరుగుతాను. వెనక్కి మాత్రం తిరగను.