గుంట తవ్వలేని ఇల్లు

సర్కారు ఇల్లు వచ్చాక మా మేనత్తకు ఒళ్లు బరువెక్కి, నేత మానేసిందని మా బంధువుల్లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. మొన్న నార్కట్‌పల్లిలో ఒక పెండ్లి బంతిలో మా చిన్నమ్మ పప్పు కలుపుకుంటూ మళ్లీ అదే అందుకుంది: “డబుల్ బెడ్రూం వచ్చినంక రాణి లెక్క కూసున్నది.” వంకాయ కూరలో ఉప్పు తక్కువైనా ఊరుకోని దాన్ని నేను. ఈ ఒక్క మాటకు మాత్రం ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, అది అబద్ధం.

మా మేనత్తది గుంట మగ్గం. నేలలో నడుం లోతు గుంట తవ్వి, అందులో కాళ్లు వేలాడేసి, అడుగున చెక్కలు తొక్కుతూ నేయాలి. పదిహేనేండ్ల వయసులో దిగిన ఆ గుంట చల్లదనం ఆమె కాళ్లకు అలవాటు. నల్లగొండలో ఆమె కిరాయికున్న పెంకుటింట్లో సగం జాగా మగ్గానిదే, మిగతా సగంలో పొయ్యి, పడక, ఆమె. వెనకటి ప్రభుత్వాలు ఇచ్చిన ఒంటిగది ఇండ్లలో కూడా మావాళ్లు గృహప్రవేశమైన మర్నాడే గడ్డపార పట్టి మగ్గం గుంట కోసం కొత్త గచ్చు పగలగొట్టేవాళ్లు. ఇంజనీర్లు తల పట్టుకునేవాళ్లు. అయినా నేల నేలే కదా, తవ్వితే తెగేది.

తెలంగాణ వచ్చాక రెండు పడకగదుల ఇండ్లన్నారు. హైదరాబాదులో తొమ్మిదంతస్తులు లేపారట. మా దగ్గర మూడుతో సరిపెట్టారు. దరఖాస్తు నింపింది నేనే. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే అన్న పొగరు అప్పటికింకా దిగలేదు. వృత్తి అన్న గడి దగ్గర కలం ఆగింది.

“నేత పని అని రాయి బిడ్డా. నాకొచ్చిన పని గదొక్కటే,” అంది మా మేనత్త.

“నువ్వూకో అత్తమ్మా. మగ్గమున్నదంటె ఆస్తి ఉన్నదంటరు, ఇల్లు రాదు,” అని కూలి అని రాశాను. అట్లా అని నాకు ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది.

డ్రాలో ఇల్లు వచ్చింది, మూడో అంతస్తులో. తాళం తీసి లోపలికి వెళ్లగానే ఆమె గోడలు చూడలేదు, కిటికీలు చూడలేదు. మడమతో నేలను రెండుసార్లు తట్టింది. కింద ఎవరుంటారని అడిగింది. ఆటో నడిపేవాళ్ల కుటుంబమని చెప్పాను. “గుంట తవ్వితె వాళ్ల పొయ్యి మీద కూసుంట,” అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికే పెంకుటిల్లు గలాయన మగ్గం విప్పించి, గుంటను మొరం మట్టితో పూడ్పించేశాడు.

అన్నిటికన్నా కింది అంతస్తు అడుగుదామని ఆమెను వెంటబెట్టుకొని ఇండ్ల ఆఫీసుకు వెళ్లాను. నేతగాళ్లకు నేల కావాలని గట్టిగానే వాదించాను. అక్కడి గుమాస్తా కోప్పడలేదు, కసురుకోలేదు. ఫైలు తిప్పి నా దరఖాస్తు నా ముందే పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

“కూలి అని మీరే రాసిన్రు గదమ్మా. కూలి మనిషికి గుంటతోని ఏం పని?”

గుండ్రటి అక్షరాలు, నావే. మా మేనత్తకు చదవడం రాదు. పక్క కుర్చీలోంచి కొంగు సర్దుకుంటూ, “ఏమంటున్నడు బిడ్డా?” అంది.

“రూలు లేదంటున్నడు,” అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేచింది. మెట్లు దిగుతుంటే నా చేయి పట్టుకుంది, అంతే. గుంట అక్కర్లేని నిలువు మగ్గం పెట్టుకోమని ఎవరో సలహా ఇచ్చారు. పెట్టింది కూడా. నాలుగు రోజులకే కింది ఆటో ఆయన భార్య పైకొచ్చి, ఆ దడదడకు పసిపిల్ల నిద్రపోవడం లేదని మెల్లగా చెప్పింది. మా మేనత్త ఆ సాయంత్రమే మగ్గం విప్పేసింది.

ఇప్పటికీ వెళ్తే చాయ్ పెడుతుంది, నా జీతం, నా మోకాళ్ల నొప్పి అన్నీ అడుగుతుంది. ఏండ్లు గడిస్తే తప్పు చిన్నదవుతుందంటారు; నాది మాత్రం ఆ మూడంతస్తులూ ప్రతిసారీ నాతోనే ఎక్కుతోంది. ఆ కాయితంలో ఏం రాశావని మాత్రం ఇన్నేండ్లలో ఒక్కసారీ అడగలేదు. తెలియక అడగలేదా, తెలిసే అడగలేదా?