ప్లేట్‌లెట్ల కుర్చీలో నా చివరి మాట

బతికుండగానే ఒకసారి చచ్చిపోయినవాణ్ణి నేను. పావుగంట సేపే అనుకోండి. అయినా ఆ పావుగంటలో నా నోరు తెచ్చిపెట్టిన నష్టం అంతా ఇంతా కాదు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరంతా నవ్వేసింది, మీరే మిగిలారు.

మాది కోటగిరి పక్క ఊరు. అక్కను ఇచ్చింది కూడా మా ఊళ్లోనే, మా పొలం పక్క పొలం గంగారాం బావకు. నాకింకా ముప్పై నిండని ఆ వానాకాలంలో బావకు డెంగ్యూ వచ్చింది. నిజామాబాద్‌లో ఆసుపత్రిలో చేర్పించాం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ఇవాళే ఎక్కించాలన్నారు డాక్టర్లు. అక్క ముఖం చూసి నా గుండె జారిపోయింది. పైకి మాత్రం ఛాతీ విరిచాను.

"నేనుండంగ నీకేం రంది అక్కా? బావకు సరిపోయేటన్ని ఇచ్చి, ఇంకో ఇద్దరికి మిగులుస్త!"

పరీక్షలన్నీ చేసి, కింది అంతస్తులో నన్ను కుర్చీలో పడుకోబెట్టారు. పక్కనే మిషన్. అది చేతిలోంచి రక్తం లాగి, ప్లేట్‌లెట్లు మాత్రం సంచిలో దాచుకుని, మిగతాదంతా మళ్లీ నాకే పంపిస్తుందట.

"అన్నా, గంటకు పైనే పడ్తది," అంది సిస్టర్. "రక్తం గడ్డ కట్టకుండ మందు కలుస్తది. పెదాలు తిమ్మిరి అనిపిస్తే ఎంబడే చెప్పు, దాచకు."

"చెరుకు మోపులు మోసిన పాణం సిస్టర్ ఇది! తిమ్మిరే నన్ను జూసి పారిపోతది."

ఆమె ఇంకేదో చెప్పింది. వింటే నేను నేనెందుకవుతాను?

అరగంట బాగానే గడిచింది. తర్వాత తిరిగొస్తున్న రక్తం చేతిలో చల్లగా పాకింది. పెదాల మీద చీమలు పాకినట్టయింది. అవి ముక్కు చివరకు ఎక్కి, వేళ్లలోకి దిగాయి. మా ఊళ్లో ఎవరికి పక్షవాతం వచ్చినా మూతి నుంచే మొదలైందంటారు. ఇంకేముంది, నాకూ వచ్చేసిందని నిర్ధారించేశాను. సిస్టర్‌ను పిలుద్దామంటే, మిషన్ ఆపేస్తుంది. సంచి సగమే నిండింది. ఆపేస్తే బావ గతేంటి? పోతే పోనీ, సంచి నిండాలి అనుకున్నాను. నిజంగానే అనుకున్నానండీ, ఇది మాత్రం గొప్పలు కాదు.

పోయేవాణ్ణి పాపం మోసుకుపోవడం ఎందుకని, ఖాళీగా ఉన్న చేత్తో పై వార్డులో ఉన్న అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, స్పీకర్ పెట్టు. బావ ఇనాలె."

"ఏమైంది తమ్మీ, గొంతు గట్లున్నదేంది?"

"బావా, నేను పోతున్న. నీ వంతు నాడు కాలువ నీళ్లు తక్కువొస్తున్నయని నీళ్లిడిసే లష్కర్‌ను తిడుతున్నవు గదా? పాపం, ఆయన తప్పేం లేదు. నీళ్లు నా మడికి తిప్పుకున్నది నేనే."

అవతలి నుంచి బావ నీరసమైన గొంతు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"పోయిన యాసంగి పంటకు గూడ తిప్పిన, బావా."

"ఇంకా?"

"మన పొలాల నడుమ గెట్టు గూడ రెండు జానలు నీ దిక్కు జరిపిన!" అని బావురుమన్నాను.

నా ఏడుపు విని సిస్టర్ పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందన్నా?"

"సిస్టర్, నా మూతి సక్కగున్నదా?"

"మంచిగనే ఉన్నది. తిమ్మిరా?"

"పక్షవాతం!"

ఆమె నవ్వాపుకుంటూ మిషన్ వేగం తగ్గించి, నా నోట్లో ఒక గోలీ వేసింది. "నమిలి మింగు. ఆ మందు నీ రక్తంల కాల్షియంను పట్టేసుకుంటది, గంతే. మొదలే చెప్పుమంటి గదా!"

కాసేపటికి చీమలన్నీ వెళ్లిపోయాయి. మూతి నా మూతే, వేళ్లు నా వేళ్లే. సంచీ నిండింది. ఆ సాయంత్రమే బావకు ఎక్కించారు, చిగుళ్ల రక్తం ఆగింది, నాలుగు రోజులకు బావ ఇంటికొచ్చాడు. అక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. బావ మాత్రం ఫోన్ సంగతే ఎత్తలేదు. జ్వరంలో మర్చిపోయాడని నేను మురిసిపోయాను.

తర్వాతి వారం పొద్దున్నే చూస్తే, బావ పారతో, కొలిచే టేపుతో గెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"డాక్టర్‌ను అడిగిన బామ్మర్దీ. నీ ప్లేట్‌లెట్లు నా ఒంట్ల వారం కంటే ఎక్కువ ఉండయట. ఉన్నన్ని దినాలు నిన్నేమన్నంటే పాపమని ఊకున్న. గిప్పుడు నా ఒంట్ల నీదేం లేదు. నా పొలంల గూడ ఉండొద్దు. పట్టు టేపు!"

అందుకే ఒట్టేసి చెబుతున్నాను. ప్లేట్‌లెట్లు ఎవరడిగినా, ఎన్నిసార్లడిగినా ఇస్తాను. కానీ కాల్షియం గోలీ మింగేదాకా చుట్టాలెవరికీ ఫోన్ చేయను.