మట్టిబొమ్మలో బాపు బిళ్ళ

మా చిన్నప్పుడు... హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో పక్కింటి రెహానా వాళ్ల వాకిట్లో నలుగురం పిల్లలం మోచేతుల దాకా బంకమట్టి పూసుకుని కూర్చున్నాం. నాకప్పుడు పదేళ్లు.

ముందురోజే డ్రాయింగు సారు ఒక పత్రికలో ఈ కాలపు శిల్పాలు చూపించారు. ముక్కూ మొహం లేని మనుషులు, ఒళ్లంతా గీతలు, గుంటలు... మేం నవ్వాం. సారు మాత్రం, “నున్నగ చెయ్యకుండ్రి. ముట్టుకుంటే చేతికి ఏదన్న తెల్వాలె” అన్నారు.

ఇంకేం... దువ్వెనతో గీశాం, గోనెసంచి అద్దాం. వాళ్లమ్మ ఓణీ లేసు తెచ్చి నొక్కింది రెహానా. నేనేమో మా నాన్న, అదే మా బాపు చొక్కా జేబులోంచి ఇత్తడి బిళ్ళ ఎత్తుకొచ్చాను. ఫ్యాక్టరీ హాజరు బిళ్ళ అది. మధ్యలో బాపు నంబరు. అది చూపిస్తేనే గేటు దాటనిచ్చేవారు. జ్వరం వచ్చి బాపు వారంగా మంచం మీదే ఉన్నాడు, కనిపెట్టలేదు.

వంగి నిలబడిన మనిషిని చేశాను. వీపంతా బిళ్ళ ముద్రలే... ఆ బిళ్ళ ఎప్పుడు లోపల ఉండిపోయిందో, దానిమీద ఇంకో ముద్ద ఎప్పుడు అంటించానో గుర్తే లేదు. బొమ్మలు నీడన ఆరాక సారు కుమ్మరి మల్లయ్య తాతకి కాల్చమని ఇచ్చారు.

బాపు మళ్లీ డ్యూటీకి వెళ్లే పొద్దున... జేబులన్నీ మూడుసార్లు వెతికాడు.

“నా బిళ్ళ చూసినవా బిడ్డా?”

లేదని తల ఊపాను. సెలవులన్నీ అయిపోయాయి, ఇవాళ పోకపోతే ఉద్యోగమే కష్టం అంటోంది అమ్మ. ఇక ఆగలేక, బిళ్ళ బొమ్మలోనే ఉండిపోయి ఉంటుందని ఏడుస్తూ చెప్పేశాను. బాపు తిట్టలేదు. సైకిల్ ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని మల్లయ్య తాత దగ్గరికి తొక్కాడు.

అక్కడ కుండలు కాల్చే ఆవం నుంచి అప్పటికే పొగ లేస్తోంది... నేను సైకిల్ దిగి తాత దగ్గరికి పరిగెత్తాను.

“వీపు మీద గుండ్రం గుండ్రం ముద్రలున్న బొమ్మ తాతా...”

“గదా? నెర్రె వడ్డది బిడ్డా. ఆవంల పెడితే పేలుతదని పక్కకు వెట్టిన” అన్నాడు తాత, గోడవార చూపిస్తూ.

ఆ నెర్రె దగ్గరే బాపు బొటనవేళ్లతో విరిచాడు. బిళ్ళ కింద పడింది! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బాపు ఒక పెంకు పట్టుకుని చూశాడు. “అన్ని నా నంబర్లే... ఉల్టా వడ్డయి! ఎవలే గీ మనిషి?”

“నువ్వే బాపు.”

బాపు ఆ పెంకు టిఫిన్ సంచిలో వేసుకుని, గేటు మూసేలోపే అందాలని సైకిల్ ఎక్కాడు. నేను ఇంటికి పరిగెత్తి దొరికిందని చెబితే, అమ్మ గడప మీదే కూలబడి “హమ్మయ్య” అంది. సాయంత్రం బాపు ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు మా మనవరాలికి రంగుమట్టి డబ్బాలో వస్తోంది, అచ్చులతో సహా. నొక్కితే చాలు... అందరి ఏనుగూ ఒకటే.

మీరు మీ చేతులతో చేసిన మొదటి బొమ్మ ఎలా ఉండేది? వంకరగా ఉన్నా సరే... చెప్పండి, వింటాను.